మూడో బేస్ దగ్గర ఎవరు నిలబడాలి?

జాకీ రాబిన్సన్ మీద రాసిన పోయిన భాగం చదివి కొందరు విద్యార్థి మిత్రులు అడిగారు: 1947లో తలుపు తెరుచుకుంది కదన్నా, ఇంకా ఏడుపు దేనికని. ఈ భాగం వాళ్ళ కోసమే. ఆ తలుపు ఆడేవాడికి తెరుచుకుంది. ఆట నేర్పేవాడికి, ఎవరు ఆడాలో తేల్చేవాడికి మూసే ఉంది. ఈ తేడా తెలియాలంటే బక్ ఓనీల్ అనే కోచ్ గురించి తెలుసుకోవాలి.

ఓనీల్ 1911లో ఫ్లోరిడాలో పుట్టాడు. సరసోటాలో సెలరీ పొలాల్లో పనిచేస్తూ పెరిగాడు. ఆ ఊరి హైస్కూలు తెల్లపిల్లలకే. నల్లపిల్లలకు హైస్కూలే లేదు. చదువు కోసం జాక్సన్‌విల్ పోయాడు. అదే సరసోటా హైస్కూలు పిలిచి ఆయనకు డిప్లొమా ఇచ్చింది. ఎప్పుడనుకున్నారు? 1995లో. అప్పటికి ఆయన వయసు 83.

తెల్లవాళ్ళ లీగుల్లో చోటు లేదు కాబట్టి రూబ్ ఫాస్టర్ 1920లో కాన్సస్ సిటీలో నీగ్రో నేషనల్ లీగ్ పెట్టాడు. ఆ ఊరి జట్టు కాన్సస్ సిటీ మోనార్క్స్. ఓనీల్ 1938లో అందులో చేరాడు. 1948 నుంచి 1955 దాకా దానికి మేనేజర్. బేస్‌బాల్‌లో మేనేజర్ అంటే ఫైళ్ళు చూసేవాడు కాడు, జట్టుకు పెద్ద కోచ్. ఎవరు ఆడాలి, ఎవరిని ఎప్పుడు మార్చాలి అనేది ఆయన మాట.

ఆయన దగ్గర ఆడి పైకొచ్చిన వాళ్ళను చూడండి. ఎల్‌స్టన్ హోవర్డ్ 1955లో న్యూయార్క్ యాంకీస్‌కు తొలి నల్ల ఆటగాడయ్యాడు, 1963లో అమెరికన్ లీగ్ అత్యుత్తమ ఆటగాడి అవార్డు తీసుకున్నాడు. ఎర్నీ బ్యాంక్స్ 1953లో చికాగో కబ్స్‌కు పోయి 512 హోమ్ రన్లు కొట్టాడు. తర్వాత ఓనీల్ ఆ కబ్స్‌కే స్కౌట్‌గా, అంటే కొత్త ఆటగాళ్ళను వెతికి తెచ్చేవాడిగా చేరాడు. నల్లవాళ్ళ కాలేజీ సదరన్ యూనివర్సిటీ నుంచి లూ బ్రాక్‌ను తెచ్చాడు. బ్రాక్ తర్వాత 938 బేసులు దొంగిలించి అప్పటి రికార్డు బద్దలుకొట్టాడు.

బిల్లీ విలియమ్స్ కథ మన హాస్టల్ పిల్లలు ముఖ్యంగా వినాలి. 1959లో కబ్స్ అతన్ని టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో జట్టులో పెట్టారు. తెల్ల సహచరులతో కలిసి హోటల్లో తినే వీల్లేదు. అవమానం భరించలేక ఒకరోజు సర్దుకుని అలబామాలోని సొంతూరికి వెళ్ళిపోయాడు. ఇక ఆడనన్నాడు. కబ్స్ ఓనీల్‌ను పంపారు. ఆయన వెళ్ళి నీతులు చెప్పలేదు. వాళ్ళింట్లో తిన్నాడు, మాట్లాడాడు, వెనక్కి రమ్మని తొందరపెట్టలేదు. తర్వాత అతన్ని ఊళ్ళోని ఆటమైదానానికి తీసుకుపోయాడు. అక్కడి నల్లపిల్లలు బిల్లీని చూసి చుట్టూ మూగారు. తన కోసం కాకపోతే ఎవరి కోసం ఆడాలో అతనికి అప్పుడు అర్థమైంది. తిరిగి వెళ్ళాడు. 1987లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.

ఈ పని ఏ తెల్ల కోచ్ చేయగలడు? హోటల్ గుమ్మం దగ్గర ఆపేస్తే ఎలా ఉంటుందో తెలిసినవాడే చేయగలడు. మన యూనివర్సిటీల్లో మెస్‌లో, ల్యాబ్‌లో, వైవాలో మాటలు పడి పెట్టె సర్దుకుని ఊరెళ్ళిన పిల్లలెందరో. వాళ్ళ ఇంటికి వెళ్ళి అన్నం తిని కూర్చున్న ప్రొఫెసర్ ఎంతమంది?

ఇప్పుడు 1962కి రండి. ఆ ఏడాది కబ్స్ ఓనీల్‌ను కోచ్‌గా ప్రకటించారు. మేజర్ లీగుల్లో తొలి నల్ల కోచ్ అని పేపర్లు రాశాయి. అప్పట్లో కబ్స్‌కు ఒక్క మేనేజర్ లేడు, కోచ్‌లే వంతులవారీగా జట్టును నడిపేవాళ్ళు. ఆ వంతుల్లో ఓనీల్ పేరు లేదు.

బేస్‌బాల్‌లో మూడో బేస్ గీత పక్కన ఒక కోచ్ నిలబడతాడు. రన్నర్ దూసుకొస్తుంటే ఆగమనాలా, ఇంటిదాకా పరిగెత్తమనాలా అన్నది ఆ కోచ్ చెయ్యి చెప్తుంది. ఆ సీజన్‌లో ఒక మ్యాచ్‌లో ఇద్దరు కబ్స్ కోచ్‌లను అంపైర్లు బయటికి పంపారు. మూడో బేస్ దగ్గర ఖాళీ. డగౌట్‌లో ఓనీల్ కూర్చునే ఉన్నాడు. ఆయన్ని పిలవలేదు. మైదానం చివర బౌలర్లను వేడెక్కించే చోటినుంచి పిచింగ్ కోచ్‌ను పిలిపించి నిలబెట్టారు!

బ్యాంక్స్‌నూ బ్రాక్‌నూ విలియమ్స్‌నూ ఇచ్చిన మనిషి చెయ్యి ఊపితే తెల్ల రన్నర్ పరిగెత్తకూడదు. అసలు సంగతి ఇదే. మన చెమట కావాలి, మన తీర్పు వద్దు.

జాకీ రాబిన్సన్ దీన్ని గుర్తించాడు. 1972 అక్టోబర్‌లో వరల్డ్ సిరీస్ వేదిక మీద ఆయన్ని సన్మానిస్తుంటే, మూడో బేస్ గీత వైపు చూసినప్పుడు జట్టును నడిపే ఒక నల్లముఖం కనపడితే మరింత గర్వపడతానని ముఖానే చెప్పాడు. తొమ్మిది రోజులకు చనిపోయాడు. తొలి నల్ల మేనేజర్ ఫ్రాంక్ రాబిన్సన్ 1975లో వచ్చాడు. 1987లో, జాకీ అరంగేట్రానికి నలభై ఏళ్ళు నిండిన సందర్భంగా పెట్టిన టీవీ కార్యక్రమంలో, డాడ్జర్స్ అధికారి అల్ కాంపానిస్ నల్లవాళ్ళకు మేనేజర్ అయ్యేందుకు కావలసిన కొన్ని అర్హతలు లేకపోవచ్చన్నాడు. రెండు రోజుల్లో ఉద్యోగం పోయింది. ఆ మాట మనకు కొత్తా? మన దగ్గర రిజర్వుడు ప్రొఫెసర్ పోస్టుల ఇంటర్వ్యూ అయ్యాక ఫైలు మీద రాసే 'నాట్ ఫౌండ్ సూటబుల్' అదే కదా! తేడా ఒక్కటే. కాంపానిస్ కెమెరా ముందు అన్నాడు, మనవాళ్ళు తలుపేసుకుని రాస్తారు.

ఇది అమెరికా జబ్బు మాత్రమే అనుకునేవాళ్ళు పల్వంకర్ బాలూను గుర్తు చేసుకోండి. చమార్ కులంలో పుట్టిన ఆ స్పిన్నర్ పూనా క్లబ్బుల్లో దొరలకు గంటల తరబడి బంతులు వేశాడు. నెట్స్‌లో బ్యాట్ చేతికి ఇవ్వలేదు. హిందూ జట్టుకు వికెట్లు తీశాడు, టీ మాత్రం పెవిలియన్ బయట మట్టికప్పులో. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసినా హిందూ జట్టు కెప్టెన్సీ ఇవ్వలేదు. తమ్ముడు విఠల్‌కు 1923లో దక్కింది, అదీ పోరాడితేనే.

2006లో హాల్ ఆఫ్ ఫేమ్ ప్రత్యేక కమిటీ నల్ల బేస్‌బాల్‌కు చెందిన 17 మందిని ఒకేసారి ఎంపిక చేసింది. 94 ఏళ్ళ ఓనీల్‌కు ఓట్లు చాలలేదు. ఎంపికైన వాళ్ళెవరూ బతికి లేరు. వాళ్ళ తరఫున మాట్లాడమని ఓనీల్‌నే అడిగారు. ఆయన వెళ్ళాడు, నవ్వుతూ మాట్లాడాడు, జనంతో పాట పాడించాడు. ఆ అక్టోబర్‌లో కన్నుమూశాడు. హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం 2022లో ఇచ్చారు. తీసుకోవడానికి ఆయన లేడు.

ఆ నవ్వును ఇప్పుడు మనకు పాఠంగా చెప్తున్నారు. చూడండి, ఎంత జరిగినా చేదు లేదు, మీరెందుకు ఇంత కోపంగా ఉంటారని. ఓనీల్ నవ్వు ఓనీల్‌ది. తనను తొక్కినవాళ్ళకు ఆయన రాసిచ్చిన రసీదు కాదది. ఆయన ఊరికే నవ్వుతూ కూర్చోలేదు కూడా. 1990లో మొదలైన నీగ్రో లీగ్స్ బేస్‌బాల్ మ్యూజియంను నిలబెట్టడానికి ముసలి వయసులో ఊరూరా తిరిగాడు, చెరిపేసిన పేర్లన్నీ మళ్ళీ చెప్పించాడు. అదీ పోరాటమే.

కాబట్టి మిత్రులారా, మనవాళ్ళకు పతకం వస్తే ఫోటో పెట్టి మురిసిపోవడంతో ఆగొద్దు. మీ డిపార్ట్‌మెంట్‌లో ఎస్సీ, ఎస్టీ అధ్యాపకులు ఎందరున్నారో లెక్క తీయండి. ఇంటర్వ్యూ బోర్డులో ఎవరు కూర్చున్నారు, పీహెచ్‌డీ గైడ్లు ఎవరు, ఆటల సెలెక్షన్ కమిటీలో ఎవరున్నారు, బ్యాక్‌లాగ్ పోస్టులు ఎన్ని, రోస్టర్ ఎక్కడ తప్పారు? ఆర్టీఐ పెట్టండి, వచ్చిన జవాబు నోటీసు బోర్డుకు అంటించండి. సీటు కోసం ఎంత కొట్లాడామో, ఆ సీటు ఎవరికివ్వాలో తేల్చే కుర్చీ కోసం అంత కొట్లాడాలి.

జై భీమ్.