జాతీయగీతము లేనినాడు

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలలో రష్యా క్రీడాకారులు స్వర్ణపతకములు అందుకొనునపుడు వారి జాతీయగీతము వినిపించలేదు. డోపింగు వ్యవహారమున పతాకమును, గీతమును నిషేధించిరి. బదులుగా చైకోవ్‌స్కీ రచించిన మొదటి పియానో కన్సర్టోలోని భాగము మ్రోగినది. 2022లో బీజింగు శీతకాల క్రీడలలోను అంతే. తన గొంతు మూగవోయినపుడు ఒక జాతి ఎరువు తెచ్చుకొన్న గొంతు అది. ఆ గొంతుగల మనిషిని గూర్చి పూర్తిగా చెప్పుటకు మాత్రము ఆ దేశమున నేడు చట్టములు అడ్డు నిలుచుచున్నవి.

1840లో జన్మించిన చైకోవ్‌స్కీ అనురాగము పురుషులయందు. తమ్ముడు మొదెస్త్ కూడ అట్టివాడే. 1876లో అతనికి వ్రాసిన లేఖలలో ఈ సంగతిని, లోకనింద వలన తనవారికి కలుగు వేదనను దాపరికము లేక చెప్పుకొనెను. ఆ నిందకు అడ్డుకట్టగా 1877 జూలైలో అంతోనీనా మిల్యుకోవాను పెండ్లాడెను. కొద్ది నెలలకే వేరైరి, విడాకులు లేవు. 1917 వరకు బ్రతికిన ఆ ఇల్లాలిని తలచువారు అరుదు. దాపరికమునకు మూల్యము చెల్లించినవారిలో ఆమెయు ఒకతె కదా! ఆ సంక్షోభము నడుమనే నాల్గవ సింఫనీ రూపొందినది.

సోవియట్ కాలమున ఆయన లేఖలను ముద్రించినపుడు ఇట్టి వాక్యములను కత్తిరించిరి. 2013లో, మైనర్లలో 'సంప్రదాయేతర సంబంధముల' ప్రచారమును నిషేధించు చట్టము రష్యాలో వచ్చినది. ఆ సంవత్సరమే సాంస్కృతిక మంత్రి మెదిన్‌స్కీ చైకోవ్‌స్కీ అట్టివాడనుటకు ఆధారము లేదనెను. అధ్యక్షుడు పుతిన్ మాత్రము, అట్టివాడని అందురు, మేము ప్రేమించునది సంగీతమును అనెను. 2022 డిసెంబరులో ఆ నిషేధము అన్ని వయసులవారికి విస్తరించినది. 2023 నవంబరులో సుప్రీంకోర్టు 'అంతర్జాతీయ ఎల్జీబీటీ ఉద్యమము'ను తీవ్రవాదముగా ప్రకటించినది.

సంగీతము వినుటకు సొంత బ్రతుకుతో పనియేమి అను వాదము కలదు. అందు కొంత సత్యమున్నది. ఆరవ సింఫనీ తొలి ప్రదర్శన జరిగిన తొమ్మిదవనాడు, 1893 నవంబరు 6న, ఆయన మరణించుటచే, ఆ రచనలోని ప్రతి విషాదస్వరమును ఆయన రహస్యమునకు ముడిపెట్టువారు బయలుదేరిరి. వైద్యులు చెప్పిన కారణము కలరా. అతిగా ఊహించుట తగదు. అయితే స్వయముగా వ్రాసికొన్న మాటను చెరిపివేయుట వేరు. ఆ చట్టముల నీడలో పాఠము చెప్పు మాస్కో ఉపాధ్యాయుని, 1877 నాటి వివాహము ఏల చెడినదని ఒక విద్యార్థి అడిగినచో, అతడేమి చెప్పవలెను?