ఒక్కరి జబ్బు.. అందరి బీమాకు గండం

మొన్న మా ఓపీకి ఓ ప్రింటింగ్ ప్రెస్ ఉద్యోగి వచ్చాడు. వయసు 43. షుగర్, బీపీ ముదిరి కిడ్నీలు దెబ్బతిన్నాయి. యజమాని తీసుకున్న గ్రూపు ఆరోగ్య బీమాతో ఏడాదిగా ప్రైవేటు ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకుంటున్నాడు. ఈసారి రెన్యువల్‌కు ప్రీమియం దాదాపు రెట్టింపు అడిగారట. ప్రెస్‌లో ఉన్నది తొమ్మిది మందే. అంత కట్టలేక యజమాని పాలసీ మానేశాడు. 'నా ఒక్కడి వల్ల మిగతా ఎనిమిది మందికీ బీమా పోయింది సార్' అంటూ తల దించుకున్నాడు. డయాలసిస్ మా దగ్గర కొనసాగిస్తున్నాం. కానీ ఆయన చేసిన తప్పేమిటి?

తప్పు లెక్కలో ఉంది. గ్రూపు పాలసీలో గత ఏడాది క్లెయిములను బట్టి మరుసటి ఏడాది ప్రీమియం నిర్ణయిస్తారు. అయిదు వేల మంది ఉన్న కంపెనీలో ఒకరి డయాలసిస్ ఖర్చు లెక్కలో కనిపించదు. తొమ్మిది మంది ఉన్నచోట అదే ఖర్చు అందరూ కట్టిన ప్రీమియాన్ని మించిపోతుంది. ఒకరి కష్టాన్ని పదిమంది పంచుకోవడమే బీమా అయితే, పంచుకోవడానికి అక్కడ పదిమందే లేరు!

వ్యక్తిగత పాలసీకి కొంత రక్షణ ఉంది. క్లెయిమ్ చేశారన్న కారణంతో రెన్యువల్ నిరాకరించకూడదు. వృద్ధుల ప్రీమియాన్ని ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే ముందుగా తనను సంప్రదించాలని 2025లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై జీఎస్టీ తొలగించారు. గ్రూపు పాలసీలపై మాత్రం 18 శాతం అలాగే ఉంది. పెద్ద కంపెనీకీ, వీధి చివరి ప్రెస్‌కూ ఒకటే పన్ను!

ఈఎస్ఐ ఉంది కదా అనవచ్చు. అది సాధారణంగా పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో నెల జీతం 21 వేల రూపాయలు దాటని వారికే. అక్కడ ఉద్యోగి 0.75 శాతం, యజమాని 3.25 శాతం చెల్లిస్తే చాలు. ఎవరికి ఏ జబ్బు వచ్చినా ఆ వాటా పెరగదు. ఆ గీతకు అవతల ఉన్నవారి గోడే ఇది.

దారి లేకపోలేదు. చిన్న సంస్థలన్నిటినీ ఒకే సమూహంగా లెక్కగట్టి ప్రీమియం నిర్ణయించాలి. అమెరికాలో 2014 నుంచి చిన్న సంస్థల గ్రూపు పాలసీలకు సిబ్బంది జబ్బులను చూసి ధర పెంచడం చట్టవిరుద్ధం. ఇక్కడా ఆ నియమం రావాలి. రెన్యువల్ పెంపునకు పరిమితి, చిన్న సంస్థలకు పన్ను మినహాయింపు దానికి తోడు కావాలి.

అంతవరకూ మీ జాగ్రత్తలో మీరుండండి. యజమానులైతే ముందు ఈఎస్ఐ వర్తిస్తుందేమో చూడండి. ఉద్యోగులైతే పాలసీ పత్రం అడిగి తీసుకోండి. ఉద్యోగం మారినా, గ్రూపు పాలసీ ఆగిపోతున్నా గడువు ముగియకముందే అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారతామని రాతపూర్వకంగా అడగండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు వేచి ఉండాల్సిన కాలం ఇప్పుడు మూడేళ్లకు మించకూడదు. గ్రూపులో గడిపిన కాలాన్నీ అందులో లెక్కించమనండి. ఫిర్యాదుకు బీమా సంస్థ 30 రోజుల్లో బదులివ్వకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయండి. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు.

వైద్యుడిగా నా భయం మరొకటి. ప్రెస్‌లో మిగిలిన ఎనిమిది మందీ ఈ కథ చూశారు. రేపు వారిలో ఎవరికైనా బీపీ బయటపడితే చెప్పుకుంటారా, దాచుకుంటారా? దాచుకున్న బీపీయే కొన్నాళ్లకు డయాలసిస్ గదికి దారి తీస్తుంది. జబ్బు చెప్పుకోవడానికి భయపడే పరిస్థితి కల్పించే బీమా.. ఆరోగ్య బీమా ఎలా అవుతుంది?