పాకీ అంటే పవిత్రత

ఇంగ్లీషు మాటల పుట్టుపూర్వోత్తరాలు తిరగేయడం నాకు పదవీ విరమణ తరువాత పట్టుకొన్న వ్యసనం. "ఎలిమినేట్" అన్న మాటలో లాటిను గడప ఉన్నది: "లీమెన్" అంటే గడప, ఆ గడప దాటించి బయటికి నెట్టడమే మూలార్థం. "ఎరేజ్" అంటే గీకివేయడం. "రిమూవ్" పాపం మెత్తనిది, కదల్చి ప్రక్కన పెట్టడం వరకే దాని పని. మనకూ తక్కువేమీ లేదు. గిన్నెలు తోముతాము, బట్టలు ఉతుకుతాము, కాళ్ళు కడుగుతాము, ఇల్లు ఊడుస్తాము, వాకిలి చిమ్ముతాము. ఒకదాని చోట మరొకటి వేస్తే ఇంట్లో చిన్నపిల్లలు సైతం నవ్వుతారు.

పారసీకం దారి వేరు. అక్కడ "పాక్" అంటే శుభ్రమైనది, పవిత్రమైనది. "పాక్ కర్దన్" అంటే శుభ్రం చేయడమే కాదు, తుడవడం, చెరపడం కూడా. బడిపిల్లల రబ్బరు పేరు "పాక్‌కొన్". అడ్డంకిని తొలగించడానికి "బర్‌తరఫ్ కర్దన్" అంటారు, అంటే ప్రక్కకు తప్పించడం. ఆ మాట మన దాకా వచ్చేసరికి బర్తరఫు అయి మనుషుల మీద పడింది. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫు చేసిననాడు దానికి అర్థం చెప్పమని ఏ పండితుణ్ణీ ఎవరూ అడగలేదు.

శుభ్రతకు సంబంధించిన మాటలు మురికిని విడిచి మనుషుల మీదకు తిరగడమే నాకు భయం కలిగించే సంగతి. ఇరానులో 1979 విప్లవం తరువాత కార్యాలయాల నుండి, విశ్వవిద్యాలయాల నుండి మనుషులను ఏరివేసినప్పుడు దానిని "పాక్‌సాజీ" అన్నారు. 1990ల బోస్నియా యుద్ధంతో ఇంగ్లీషులో "ఎత్నిక్ క్లెన్సింగ్" అన్న మాట వాడుకలో స్థిరపడింది. అక్కడ జరిగింది ఊచకోత, దానికి పెట్టిన పేరు ప్రక్షాళన.

మనం చేసినది ఇంకొక రకం. "పాకీ" అంటే పారసీకంలో పవిత్రత. తెలుగులో ఆ మాట మలం ఎత్తే మనిషికి పేరయింది, పిదప తిట్టయింది. ఇటువంటి చోద్యాలు ఇంకా ఉన్నాయి. "మెహ్తర్" అంటే మరింత గొప్పవాడు. చిత్రాల్ సంస్థానంలో అది పాలకుని బిరుదు, ఉత్తరాదిలో పాకీపనివాడి పేరు. "హలాల్‌ఖోర్" అంటే ధర్మబద్ధమైన కూడు తినేవాడు. ఊడ్చేవారికి ఆ పేరును వాడుకలోకి తెచ్చినవాడు అక్బరని ఐనీ అక్బరీ చెబుతుంది.

1988లో ఎనిమిదవ తరగతికి అన్యదేశ్యాలు బోధిస్తున్నాను. కచేరి, రద్దు, జమీను అని పిల్లలు ఒక్కొక్కటే చెబుతున్నారు. ఒక తుంటరి లేచి "పాకీ" అని, చివరి బల్ల వైపు చూశాడు. తరగతి గొల్లుమన్నది. అక్కడ కూర్చున్న పిల్లవాడి తండ్రి మా ఊళ్ళో ఆ పనే చేసేవాడు. నేను బెత్తం బల్ల మీద కొట్టి, "ఛీ, అటువంటి మాటలు తరగతిలో అనరాదు" అని గద్దించి తరువాతి ఉదాహరణకు వెళ్ళిపోయాను. న్యాయం చేశానని కూడా అనుకొన్నాను. నిజానికి ఆ తుంటరి వాని తండ్రిని ఎగతాళి చేస్తే, నేను ఆ వృత్తి పేరే నోట పలకరానిదని తీర్పు చెప్పాను. మాట అర్థం అప్పటికి నాకూ తెలియదు. భాషాప్రవీణ పట్టా మాత్రం గోడకు వేలాడుతూ ఉండేది.

ఇప్పుడు "పారిశుద్ధ్య కార్మికులు" అంటున్నాము. మర్యాద గల మాటే, కాదనను. కాని పాకీ అన్నా పరిశుద్ధి అన్నా అర్థం ఒకటే కదా! పారసీకాన్ని సంస్కృతంతో కడిగాము. 1993లో ఒక చట్టం, 2013లో మరొకటి వచ్చాయి. ఆ పనిని రూపుమాపడానికి పోరాడిన బెజవాడ విల్సన్‌కు 2016లో మెగసెసే పురస్కారం లభించింది. అయినా సెప్టిక్ ట్యాంకుల్లోకి దిగి ఊపిరాడక చనిపోయినవారి వార్తలు ఆగలేదు. పేరు మార్చడమే సంస్కరణ అనే మిత్రులతో నాకు పేచీ ఇక్కడే. మార్చవలసింది పేరును కాదు, మనిషి ఆ గుంతలో దిగవలసిన అవసరాన్ని.

అర్థం చెప్పి ఉంటే ఆ నవ్వు ఆగేదా? ఆగేది కాదేమో. కాని చివరి బల్ల మీది పిల్లవాడికి ఒక్క సంగతి తెలిసి ఉండేది. ఆ ఏడాదంతా వాడు నా తరగతిలో మళ్ళీ నోరు విప్పలేదు.