నల్లపొగ బలమునకు గుర్తు కాదు

దమ్ములో ట్రాక్టరు నల్లపొగ గ్రక్కుచుండగా చూచి "బండికి భలే బలము" అని మెచ్చుకొను రైతులు మన సంఘములలో ననేకులు కలరు. మా యభిప్రాయము వేరు. ఆ పొగ సరిగా కాలని డీజిలు. అనగా రైతు రొక్కమిచ్చి కొన్న నూనెలో కొంత మసియై గాలిలో గలియుచున్నది. గాలి వడపోత దుమ్ముతో నిండుట, ఇంజెక్టరు అరుగుట, మోయలేని బరువు లాగించుట దీనికి సాధారణ కారణములు. మొదటిదానికి కాసింత శ్రద్ధయే మందు.

50 హార్సుపవరుకు మించిన క్రొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుండి మనదేశమున నాలుగవ దశ పొగ నిబంధనలు అమలులోనికి వచ్చినవి. అందుచే వీనిలో పెక్కింటికి కామన్ రైలు పద్ధతి నమర్చుచున్నారు. ఒకే గొట్టములో డీజిలు మిక్కిలి ఒత్తిడితో నిలిచియుండును. ఎప్పుడు, ఎంత చిమ్మవలెనో ఎలక్ట్రానిక్ పరికరము నిర్ణయించును. పొగ తగ్గును. కాని ఆ సన్నని రంధ్రములకు నీరుగాని, దుమ్ముగాని, కిరోసిను కల్తీగాని గిట్టదు. మరమ్మతు ఊరి మెకానికు సుత్తితో తేలునది కాదు; ధరయు హెచ్చు.

కావున రెండు మూడెకరముల కమతము గలవాడు పొరుగువానితో పోటీకై ఇట్టి బండికి అప్పుచేయుట మేము మెచ్చము. అతని దమ్మునకు, తొట్టి లాగుటకు చిన్నబండి చాలును. పెద్దబండిని సంఘము పేర నొకటి కొని, తరిఫీదు పొందిన డ్రైవరున కప్పగించి, గంటల లెక్కన సభ్యులకు బాడుగకిచ్చుట మేలు. రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యులు దీనిని చర్చకు దెత్తురుగాక.