వంటగట్టుపై చోటు

రెండు మూడు తరముల క్రిందటి వరకు తెలుగువారి యిండ్లలో వంట చాలవరకు నేలమీదనే జరుగుచుండెడిది. పొయ్యి నేలమీద ఉండెడిది. కత్తిపీట నేలమీద ఉండెడిది. రుబ్బురోలు పెరటిలోనో, వసారాలోనో కదలక మెదలక ఉండెడిది. ఇల్లాలు పీట వేసికొని కూర్చుండి, కావలసిన వస్తువులను చుట్టును పేర్చుకొని వంట చేసెడిది. నేడు పెక్కు ఇండ్లలో నిలుచుండి వంట చేయుటకు నడుమెత్తున రాతిగట్టు కట్టబడియున్నది. దీనివలన వంగి లేచు శ్రమ తగ్గినది. కాని నేల విశాలమైనది, గట్టు ఇరుకైనది. గట్టుతో పాటు ఒక క్రొత్త ప్రశ్నయు వంటయింటిలో అడుగుపెట్టినది. ఏ వస్తువునకు గట్టుమీద చోటీయవలెను? దేనికి ఈయరాదు?

వంటపాత్రల అంగడికి పోయి చూచినవారికి ఈ ప్రశ్న ఎంత కఠినమైనదో తెలియగలదు. రొట్టె లొత్తుట కొక యంత్రము, గ్రుడ్లు ఉడికించుట కొక యంత్రము, ఉల్లిపాయలు తరుగుట కొకటి, పండ్లరసము తీయుట కొకటి, మొక్కజొన్న పేలాలు వేయించుట కొకటి వరుసగా అమర్చబడి యుండును. ప్రతిదియు నిగనిగలాడుచుండును. ప్రతిదియు ఒక్క పనినే చేయును. ప్రతిదియు గట్టుమీద అడుగు చోటడుగును.

ఒక సామాన్యమైన యింటి లెక్క చూతము. గట్టు పొడవు 8 అడుగులనుకొందము. అందులో గ్యాసు పొయ్యికి రెండున్నర అడుగులు పోవును. పాత్రలు కడుగు తొట్టికి 2 అడుగులు పోవును. కూరలు తరుగుటకును, పిండి కలుపుటకును, దింపిన గిన్నె పెట్టుటకును కనీసము 2 అడుగులు కావలెను. ఇక మిగిలినది ఒకటిన్నర అడుగు మాత్రమే. ఒక మిక్సీయు, ఒక కుక్కరును కూర్చున్నచో ఆ చోటు నిండిపోవును. మూడవ యంత్రము వచ్చెనా, అది కూరలు తరుగు చోటును ఆక్రమించును. అప్పుడు వంట చేయువారు కూరగాయల పళ్లెమును పొయ్యి అంచున పెట్టుకొని తరుగవలసి వచ్చును. చేయి కదల్చుటకు వీలులేని చోట వ్రేలు తెగుటయు, చేయి కాలుటయు మిక్కిలి సులభము. కావున గట్టుమీది చోటు అలంకారమునకు సంబంధించిన విషయము కాదు. అది పని చేయువారి క్షేమమునకు సంబంధించినది.

ఈ విషయమున రెండు విధములైన అభిప్రాయములు తరచుగా వినవచ్చుచుండును. యంత్రములన్నియు మనుష్యులను సోమరులను చేయుననియు, రోటిలో నూరిన పచ్చడికున్న రుచి మిక్సీలో వేసిన పచ్చడికి రాదనియు కొందరందురు. యంత్రము ఏదైనను శ్రమను తగ్గించును గనుక ప్రతిదానిని కొనవలసినదే అని మరికొందరందురు. ఈ రెండు మాటలును పరీక్షకు నిలుచునవి కావు.

మొదటి మాటనే ముందుగా విచారింపవలెను. మినపపప్పును నానబెట్టి రుబ్బురోటిలో వేసి, పొత్రమును ఒక చేత త్రిప్పుచు, రెండవ చేత పిండిని లోపలికి త్రోయుచు, నడుమ నడుమ నీరు చిలకరించుచు రుబ్బుట సామాన్యమైన పని కాదు. పెద్ద కుటుంబమునకు సరిపడు పిండి రుబ్బుటకు గంటసేపు పట్టెడిది. భుజములు నొప్పిపెట్టెడివి; నడుము పట్టివేసెడిది. ఆ రుచిని పొగడువారిలో ఆ పొత్రమును త్రిప్పినవారు కొందరే. ఇంటిలో ఆ పని సాధారణముగా తల్లికో, కోడలికో, ఎదిగిన ఆడపిల్లకో దక్కెడిది. రుబ్బురోటి వద్ద గడచిన ఆ గంట, ఆ బాలిక పుస్తకము ముందు గడుపవలసిన గంట కావచ్చును. ఆ గంటను ఆమెకు తిరిగి యిచ్చిన యంత్రమును నిందించుట న్యాయము కాదు.

ఇరువదవ శతాబ్ది మధ్యభాగమున కోయంబత్తూరు నగరమున ఈ రుబ్బురోటికే విద్యుత్తు మోటారు అమర్చి గ్రైండరును తయారుచేసిరి. రాయి అదియే, త్రిప్పు చేయి మాత్రము మారినది. మిక్సీలోని ఉక్కు రెక్కలు నిమిషమునకు వేల చుట్లు తిరుగును గనుక పిండి వేడెక్కును. గ్రైండరులోని రాళ్లు నెమ్మదిగా దొరలును గనుక పిండి వేడెక్కక, గాలిని కలుపుకొని నురుగువలె పొంగును. అందుచేతనే ఇడ్లీలు మెత్తగా వచ్చును. వారమునకు రెండు మూడు మారులు ఇడ్లీయో, దోసెయో చేసికొను యింటిలో ఈ యంత్రము చేయునది ఒక్క పనియే అయినను, అది తన చోటును సంపాదించుకొన్నదనియే చెప్పవలెను.

ప్రెషరు కుక్కరు సంగతియు ఇట్టిదే. దీనికి మూలమైన పాత్రను 1679వ సంవత్సరమున ఫ్రాన్సు దేశీయుడైన డెనీ పపేఁ అను శాస్త్రజ్ఞుడు లండనులో నిర్మించి చూపెను. మూత గట్టిగా బిగించిన పాత్రలో ఆవిరి బయటికి పోజాలక ఒత్తిడి పెరుగును. తెరచిన గిన్నెలో నీరు 100 డిగ్రీల వద్ద మరుగును; కుక్కరులో అది సుమారు 120 డిగ్రీల వరకు వేడెక్కును. అందుచేతనే గిన్నెలో చాలసేపు ఉడుకవలసిన కందిపప్పు కుక్కరులో కొలది నిమిషములలో ఉడుకును. 1950 దశకపు చివర ఈ కుక్కరులు మన దేశమున తయారగుట ప్రారంభమైనది. కాలమును, వంటచెరకును ఆదా చేయుటయే గాక, ఇది అన్నమునకు, పప్పునకు, దుంపలకు ఒకే విధముగా పనికివచ్చును. బరువు తీసివేసి, లోపల పళ్లెములు అమర్చినచో ఇడ్లీలును ఉడుకును. ఇన్ని పనులు చేయు పాత్రను గూర్చి వాదమే లేదు.

ఇక రెండవ మాట: యంత్రము ఏదైనను శ్రమను తగ్గించునా? ఉల్లిపాయలు తరుగు యంత్రమును తీసికొని చూడుడు. అది పాయను అర నిమిషములో ముక్కలు చేయును. నిజమే. కాని దానిని పెట్టెనుండి తీయవలెను, రెక్కలు బిగింపవలెను, పని ముగిసిన పిమ్మట విప్పి, సందులలో చిక్కిన ముక్కలను తీసి, కడిగి, తుడిచి, ఆరబెట్టి, మరల బిగింపవలెను. నలుగురికి సరిపడు కూరకు కత్తిపీట ముందు కూర్చున్నవారు అంతకు ముందే పని ముగించి లేతురు. పైగా కొన్ని కత్తిపీటలకు కొననే కొబ్బరి కోరు ఉండును. కూర తరిగిన కత్తిపీటయే కొబ్బరి కోరును. నీటితో ఒకమారు కడిగి గోడకు చేరవేసిన చాలును. నూరుమందికి వండు చోట ఆ యంత్రము ఉపకారియే. నలుగురున్న యింటిలో అది అతిథి వలె వచ్చి అధికారి వలె కూర్చుండును.

2010వ సంవత్సరమున అంగళ్లకు వచ్చిన ఎయిర్ ఫ్రయరును గూర్చియు ఇట్లే ఆలోచింపవలెను. పేరులో వేపుడు ఉన్నను అది నిజమునకు నూనెలో వేయించు సాధనము కాదు. వేడి తీగయు, పంకయు గల చిన్న ఓవెను అది. వేడిగాలిని వేగముగా త్రిప్పి పదార్థము పైభాగమును కరకరలాడునట్లు చేయును. ఇది సుమారు 1500 వాట్ల విద్యుత్తు తీసికొనును. నిరాటంకముగా అరగంట పనిచేసినచో ముప్పాతిక యూనిటు ఖర్చగును. వైద్యుడు నూనె తగ్గింపుమన్న ఇద్దరు వృద్ధులున్న యింటిలో ఇది ప్రతిదినము ఉపయోగపడవచ్చును. ఎనిమిదిమంది గల యింటిలో దాని చిన్న బుట్ట మూడు నాలుగు వాయిలకు గాని అందరికి అందీయజాలదు. మొదటి వాయి తిన్నవారు చేయి కడుగుకొనునప్పటికి కడపటివారికి ఇంకను వడ్డన జరుగదు. యంత్రము ఒక్కటే, ఇల్లు మారినచో దాని విలువయు మారినది.

దీనికి ఇంతకంటె చక్కని ఉదాహరణము కోనసీమ ప్రాంతమున కలదు. ఆత్రేయపురము పూతరేకులకు ప్రసిద్ధి. అచ్చట కుండను బోర్లించి, దాని క్రింద మంటపెట్టి, పలుచని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను కుండమీద ఒక్కమారు లాగుదురు. క్షణములో కాగితము కంటె పలుచని రేకు లేచివచ్చును. ఆ కుండ పూతరేకులకు తప్ప మరి దేనికిని పనికిరాదు. అయినను ఆ వృత్తిని నమ్ముకొన్న స్త్రీకి అదియే అన్నము పెట్టు తల్లి. దానినే ఏడాదికొకమారు తీపి చేసికొను యింటికి తెచ్చి పెట్టినచో అది పగులుటకు మాత్రమే ఎదురుచూచుచుండును. కావున ఒక్క పనియే చేయుట ఏ సాధనమునకును దోషము కాదు. ఆ పని ఆ యింటిలో ఎన్నిమారులు జరుగునన్నదే ప్రధానము.

పూర్వపు ఇండ్లలో ఒక్క పనికే ఏర్పడిన పనిముట్లు లేకపోలేదు. జంతికల గొట్టము, కజ్జికాయల అచ్చు, అరిసెలనుండి నూనె పిండు చెక్కలు, గుంతపొంగనాల పెనము ఉండనే ఉండెడివి. అయితే అవి నిత్యము కంటి ఎదుట నిలిచి చోటును మ్రింగెడివి కావు. సంక్రాంతి వచ్చునప్పటికి అటకమీదనుండి దిగెడివి. పండుగ ముగిసిన పిమ్మట కడిగి తుడిచినంతనే మరల అటక ఎక్కెడివి. ఒక యింటి జంతికల గొట్టము వీధిలోని పది యిండ్లు తిరిగి వచ్చుటయు కలదు. "వదినా, మీ గొట్టము ఒకమారు ఇత్తువా?" అని అడుగుటకు ఎవరును సిగ్గుపడెడివారు కారు, ఇచ్చుటకు ఎవరును వెనుదీసెడివారు కారు. తిరిగి వచ్చునప్పుడు గొట్టముతో పాటు నాలుగు జంతికలును వచ్చెడివి. నిత్యము వాడునది చేతికందునట్లును, ఎప్పుడో వాడునది అటకమీదను, అరుదుగా వాడునది పొరుగింటను ఉండుట ఆ నాటి యేర్పాటు. ఆ యేర్పాటులోని తెలివి నేటికిని చెల్లును.

మరియొక సంగతి మరువరాదు. ఆరోగ్యవంతునకు వ్యర్థముగా తోచు సాధనము బలహీనునకు అవసరము కావచ్చును. కీళ్లనొప్పులతో వ్రేళ్లు ముడువలేని అవ్వకు సీసా మూత త్రిప్పు చిన్న సాధనము ఎంతయో మేలు చేయును. పొయ్యి లేని గదిలో ఒంటరిగా నివసించు విద్యార్థికి విద్యుత్తుతో నడచు చిన్న అన్నపు పాత్రయే వంటయిల్లు. అట్టి సాధనములను చూచి నవ్వువారు, వాటి అవసరము తమకు ఇంకను కలుగలేదని మాత్రమే గ్రహింపవలెను.

ఇన్నిటిని బట్టి చూడగా, క్రొత్త యంత్రమును కొనుటకు పూర్వము నాలుగు ప్రశ్నలు వేసికొనుట మంచిది. ఈ పని ఇంటిలో వారమునకు ఎన్నిమారులు జరుగును? ఇప్పుడున్న పనిముట్లలో ఏదియైనను ఈ పని చేయగలదా? వాడుటకు పట్టు కాలమునకు కడుగుటకు పట్టు కాలమును కలిపినచో నిజముగా శ్రమ తగ్గునా? దీనిని ఉంచుటకు దేనిని తీసివేయవలసి వచ్చును? ఈ నాలుగింటికిని సరియైన సమాధానము దొరికినచో ఆ యంత్రమునకు సంతోషముతో స్వాగతము చెప్పవచ్చును. దొరకనిచో, "క్రొత్త వింత, పాత రోత" అను సామెత మరియొకమారు నిజమగుచున్నదని తెలిసికొనవలెను.

అయితే ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పవలసిన వారెవరు? చాలమార్లు వంటయింటిలోనికి అడుగుపెట్టనివారే ప్రకటనలు చూచి యంత్రములను కొని తెత్తురు. పెండ్లికో, పండుగకో కానుకగా ఇత్తురు. కడుగు భారమును, సర్దు భారమును మోయువారు వేరొకరు. ఇది తగదు. ఆ గట్టు ముందు నిలుచుండి పని చేయువారి మాటయే ఈ విషయమున చెల్లవలెను. తక్కినవారు నిజముగా సహాయపడదలచినచో, యంత్రము కొనుట కంటె ముందు ఒక కత్తియో, ఒక గిన్నెయో తమ చేతబట్టి చూడవచ్చును. నాలుగు చేతులు కలిసిన యింటిలో సగము యంత్రముల అవసరమే కలుగదు.

బడినుండి ఇంటికి పోయిన బాలబాలికలు ఒకనాడు తమ యింటి గట్టును కొలిచి, దానిమీదనున్న వస్తువులను ఒక కాగితముమీద వ్రాసి, గడచిన వారములో దేనిని ఎన్నిమారులు వాడిరో తల్లినో, తండ్రినో, వంట చేయు వారెవరినైనను అడిగి తెలిసికొనవచ్చును. ఒక్కమారును వాడని వస్తువును తుడిచి అటకమీద పెట్టుటకు సహాయపడవచ్చును. మరునాటి ఉదయము ఖాళీయైన ఆ చోట కూరగాయల పళ్లెము నిండుగా పరచుకొని వంట చేయువారి చేతులు ఎంత సుఖముగా కదలునో వారు స్వయముగా చూడగలరు. గట్టుపై మొదటి చోటు ఆ చేతులది.