గండి పడక మునుపే

నేటి యుగమును సమాచార యుగమని అందరూ అంటున్నారు. ఆ సమాచారము ఎచట నిలువ ఉన్నది, దానికి కాపలా ఎవరు అని అడిగేవారు మాత్రము తక్కువ. మనవంటి చిన్న కళాశాల కార్యాలయములోనే విద్యార్థుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, తల్లిదండ్రుల ఆదాయ ధ్రువపత్రములు, మార్కుల జాబితాలు చేరుతాయి. ఉపకార వేతనమునకు దరఖాస్తు చేసిన ప్రతి విద్యార్థి తన ఇంటి గుట్టునంతయు నమ్మి అప్పగించినట్లే. ఇట్లు అప్పగించిన దానిని ఉర్దూలో అమానత్ అంటారు. తెలుగులో మన పూర్వులు ఇల్లడ అన్నారు. ఆ ఇల్లడను కాపాడుట యెట్లు అన్నదానిపై మా అభిప్రాయమును కళాశాల కమిటీ పెద్దల ముందు, తోటి విద్యార్థుల ముందు ఉంచదలచినాము.

హైదరాబాదులోని మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు ఉదంతమును ముందుగా చెప్పవలసి ఉన్నది. 2022 జనవరిలో ఆ బ్యాంకు నుండి 12 కోట్ల రూపాయలకు పైగా సొమ్ము దొంగల పాలైనది. గోడకు కన్నము పడలేదు, ఇనుప పెట్టె తాళము పగులలేదు. 2021 నవంబరులోనే బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా మోసపు ఈమెయిళ్లు వచ్చినవనీ, ఇద్దరు ఉద్యోగులు వానిని తెరచినారనీ పోలీసుల దర్యాప్తులో తేలినది. ఆ ఉత్తరములతో పాటు లోనికి చొరబడిన దొంగ సాఫ్ట్‌వేరు వారి కంప్యూటర్లలో మకాము పెట్టి, అధికారుల పాస్‌వర్డులను చేజిక్కించుకొన్నది. తరువాత కొన్ని ఖాతాలలోనికి సొమ్మును మళ్లించి, అచటి నుండి పలు రాష్ట్రములలోని మరెన్నో ఖాతాలకు పంచి, ఏటీఎంల ద్వారా తీసుకొనిపోయినారు. భద్రతా నియమములను పాటించనందులకు రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకుపై 65 లక్షల రూపాయల జరిమానా విధించినది.

ఇందులో మేము గమనింపదగినదిగా భావించునది ఒక్కటే. 200కు పైగా ఉత్తరములు వచ్చిన చోట పొరబడినది ఇద్దరే! ఇంతకంటె అప్రమత్తత మానవమాత్రులలో ఆశించగలమా? అయినను బ్యాంకు మునిగినది. కాబట్టి ‘ఉద్యోగులు జాగ్రత్తగా ఉండవలెను’ అని సర్క్యులరు పంపి చేతులు దులుపుకొనుట రక్షణ అనిపించుకొనదు. ఎవరో ఒకరు ఎన్నడో ఒకనాడు పొరబడుట తప్పదు. ఆ ఒక్క పొరపాటుతో సర్వమూ కొట్టుకొనిపోకుండ ఏర్పాటు చేసుకొనుటయే రక్షణ.

బుక్కరాయసముద్రము వారికి ఈ మాట కొత్త కాదు. 14వ శతాబ్దమున బుక్కరాయల కాలములో పండమేరునకు అడ్డముగా కట్టిన చెరువు మనది. కట్టకు గండి పడినపుడు ఆత్మార్పణము చేసిన ముసలమ్మ కథను కట్టమంచి రామలింగారెడ్డి గారు కావ్యముగా రచించగా ఆంధ్రదేశమంతయు చదివినది. ఆ తల్లికి మేమును చేతులు జోడింతుము. కాని చెరువులను శతాబ్దముల తరబడి నిలిపినది ఏటేట కట్టపై వేసిన మట్టి, పూడిక తీసిన కాలువలు, తూము దగ్గర కాచుకొన్న నీరుగంటి. మిగులు నీటిని విడుచుటకు మరవ ఉండెడిది. చెరువుల పోషణకై దశబంధ మాన్యములిచ్చు ఆచారమును రాయలసీమలో ఉండెడిది. అనగా మరమ్మతు ఎవరి దయాదాక్షిణ్యమో కాదు, భూమి ఇచ్చి అప్పగించిన బాధ్యత. కంప్యూటరు విషయములో నేటి సంస్థలు దీనినే మరచినవి. గండి పడిన పిమ్మట ఒక గుమాస్తాను బలి ఇచ్చుట మాత్రము మరువలేదు.

మరమ్మతు మరచినచో ఏమగునో 2017 మే నెలలో ప్రపంచము చూచినది. వన్నాక్రై అను సాఫ్ట్‌వేరు ఫైళ్లకు తాళము వేసి విడుదలకు పైకము కోరినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కార్యాలయముల కంప్యూటర్లు సైతము దాని బారిన పడినవి. ఆ లోపమును సరిచేయు మరమ్మతును మైక్రోసాఫ్ట్ సంస్థ రెండు నెలల ముందే, మార్చిలోనే, విడుదల చేసి ఉన్నది. 2019లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లకు ఇట్టి బెడదయే వచ్చినది. ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నందున వ్యాధి త్వరగా పాకినది. 2020 అక్టోబరులో దాడికి గురియైన డాక్టర్ రెడ్డీస్ సంస్థ తన డేటా కేంద్రములను వెంటనే వేరుపరచినది. పంట కాలువకు అడ్డకట్ట వేసినట్లన్నమాట.

ఇక మన సంగతి. ఖర్చు ఎక్కువని పెద్దలు అనవచ్చును. ఒక్కొక్క ఉద్యోగికి వేరు పేరు, వేరు పాస్‌వర్డు ఇచ్చుటకు పైసా ఖర్చు కాదు. పాస్‌వర్డుతో పాటు ఫోనుకు వచ్చు సంకేతమును కూడ అడుగు పద్ధతికిని అంతే. రికార్డుల ప్రతిని ఒక హార్డు డిస్కులో ఎక్కించి, దానిని కంప్యూటరు నుండి ఊడదీసి బీరువాలో ఉంచుటకు అయ్యెడు ఖర్చు వార్షికోత్సవపు షామియానా అద్దె కంటె మించదు. ఊడదీయుట ముఖ్యము, తగిలించి ఉంచిన ప్రతికి కూడ దొంగ తాళము వేయగలడు.

అసలు చిక్కు డబ్బు కాదు, మొగమాటము. ‘నేను ప్రిన్సిపాలును, సమావేశములో ఉన్నాను, వెంటనే ఈ ఖాతాకు సొమ్ము పంపుము’ అని సందేశము వచ్చినచో గుమాస్తా ఎదురు ప్రశ్న వేయగలడా? మోసగాండ్రు మన మర్యాదనే ఆయుధముగా చేసుకొన్నారు. ఎంత పెద్దవారి పేరున వచ్చినను, ఫోను చేసి నిర్ధారించుకొనవచ్చునని, అందులకు మందలింపు ఉండదని కమిటీ వ్రాతమూలకముగా హామీ ఇయ్యవలెను.

విద్యార్థులమైన మేము కూడ నిర్దోషులము కాము. నెట్ సెంటరులో దరఖాస్తు నింపించి, ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకముల నకళ్లను అచటి కంప్యూటరులోనే విడిచి వచ్చువారు మనలో ఎందరు లేరు? పని ముగియగానే మన ఎదుట చెరిపివేయుమని అడుగుట అమర్యాద కాదు.

2023లో పార్లమెంటు ఆమోదించిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము, తగిన భద్రత పాటింపని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చునని చెప్పుచున్నది. మా కోరిక అంత పెద్దది కాదు. ఈ వేసవి సెలవులలో కమిటీ సభ్యులు బీరువాలోని ప్రతిని వేరొక కంప్యూటరులో తెరపించి, ఏదేని ఒక తరగతి మార్కుల జాబితా యథాతథముగా వచ్చునో లేదో స్వయముగా చూడవలెను. వచ్చినను, రాకున్నను, ఫలితమును కళాశాల తెరచిన దినమున నోటీసు బోర్డుపై ఉంచవలెనని మనవి.