ఊరి ఉపకేంద్రం ఎలా ఉంది?



సింగపూర్ నుంచి ఊరికి ఫోన్ చేయగానే మనలో చాలామంది ముందుగా అడిగే మాట, "బీపీ మాత్ర వేసుకున్నారా నాన్నా?" అనే. ఆ మాత్ర ఊళ్ళోనే దొరకాలంటే ప్రభుత్వ నిధులు సరైన చోటికి చేరాలి. ఈసారి ఆ సంగతి చూద్దాం.

కేంద్ర ప్రభుత్వం 2005 ఏప్రిల్‌లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ప్రారంభించింది. ఆశా కార్యకర్తలు వచ్చింది దానితోనే. మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది లెక్క. 2015 నుంచి మన రాష్ట్రాల్లో ఈ ఖర్చును కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్ళలో భరిస్తున్నాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సు, 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాయి.

ఈ రెండూ ఎన్నో ప్రాణాలు కాపాడాయనడంలో సందేహం లేదు. అయితే రెండూ జబ్బు ముదిరాక అక్కరకు వచ్చేవే. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకు బాగా తెలిసిన విషయం ఒకటుంది. తప్పు మొదట్లోనే దొరికితే పది నిమిషాల పని, కస్టమర్ చేతికి వెళ్ళాక దొరికితే నెల రోజుల పని! బీపీ, షుగర్ కూడా అంతే. ఊళ్ళో పట్టించుకోకపోతే చివరికి కిడ్నీకో గుండెకో వస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

అందుకే 2017 జాతీయ ఆరోగ్య విధానం నిధుల్లో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికే ఇవ్వాలంది. ఉపకేంద్రాల్లో బీపీ, షుగర్ పరీక్షలు చేర్చారు. సింగపూర్ కూడా 2023లో హెల్దియర్ ఎస్‌జీ పేరుతో, 40 ఏళ్ళు దాటినవారికి ఒక కుటుంబ వైద్యుణ్ణి ఎంచుకోమని చెప్పింది. దేశాలు వేరైనా ఆలోచన ఒక్కటే.

ఇక్కడొక చిక్కుంది. భవనానికి డబ్బు ఒక్కసారి చాలు. నర్సు జీతానికి, మందులకు ప్రతి నెలా కావాలి. శిలాఫలకం మీద పేరు పడేది మాత్రం మొదటి దానికే! ఊరికి యంత్రాలు కొనిచ్చే మన ప్రవాసులు కూడా ఇది గుర్తుంచుకోవాలి. దాన్ని నడిపే మనిషి లేకపోతే యంత్రం మూల పడుతుంది.

పిల్లలూ, ఈ సెలవుల్లో తాతగారి ఊరు వెళ్ళినప్పుడు ఉపకేంద్రానికి వెళ్ళి మూడు ప్రశ్నలు అడగండి. నర్సు రోజూ వస్తున్నారా? బీపీ మాత్రలు ఉన్నాయా? తాతయ్య పేరు రిజిస్టరులో ఉందా? జవాబు "లేదు" అయితే పెద్దలు పంచాయతీలో అడగాలి. నిధులు మన పన్నుల సొమ్మే, అడిగే హక్కు ఊరివాళ్ళందరిదీ.

వచ్చే సంచికలో కలుద్దాం.